మన బడికి కంప్యూటర్ గ్రాంటు: తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి, అడగవలసినవి

(నాంపల్లి, ఆబిడ్స్ ప్రాంత ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల తల్లిదండ్రుల కోసం చేసిన ప్రసంగం పాఠం. చదివాక మీ తరగతి వాట్సాప్ గ్రూపులో పంచండి. చదవడం రాని వాళ్లకు ఎవరైనా చదివి వినిపించండి.)



పని మానుకుని వచ్చిన వాళ్లు ఉన్నారు. ఆబిడ్స్‌లో బండి మూసి వచ్చిన వాళ్లు, నాంపల్లి స్టేషన్ దగ్గర ఆటో పక్కన పెట్టి వచ్చిన వాళ్లు ఉన్నారు. అందుకే సూటిగా విషయానికి వస్తాను.

ఇందాక గేటు దగ్గర ఒక అక్క నన్ను ఆపి అడిగింది: "సార్, కంప్యూటర్ పైసలు వస్తున్నయంట, మా ఖాతాల ఎప్పుడు పడతయి?" మంచి ప్రశ్న. మీలో చాలామంది మనసులో ఇదే ఉంటుంది. పింఛను ఖాతాలో పడుతుంది, స్కాలర్‌షిప్పు ఖాతాలో పడుతుంది. మరి ఇది?

1. ఈ డబ్బు మీ ఖాతాలో పడదు

కంప్యూటర్ గ్రాంటు బడికి వచ్చే డబ్బు. చాలాసార్లు అది బడి చేతికి కూడా నగదుగా రాదు. రాష్ట్ర స్థాయిలో టెండరు పిలిచి సామాను కొంటారు, పెట్టెలు బడికి చేరతాయి. అంటే మీ ఫోనుకు మెసేజ్ రాదు, పాస్‌బుక్‌లో ఎక్కదు. అయినా లబ్ధిదారులు మీ పిల్లలే.

మరి మనకు అందిందో లేదో ఎట్లా తెలుస్తుంది? ఒకటే గుర్తు. మీ పాప, మీ బాబు వారం వారం కంప్యూటర్ ముందు కూర్చుని తన చేత్తో తాను పని చేస్తే అందినట్టు. గది ఉండి, దానికి తాళం ఉంటే అందనట్టు. కాగితం మీద ఎంత ఖర్చు రాసినా అందనట్టే.

ఇవాళ నేను చెప్పేదంతా ఈ తాళం గురించే.

2. గ్రాంటు ఎంత? దేనికి?

2018లో కేంద్రం మూడు పాత పథకాలను కలిపి సమగ్ర శిక్ష అనే ఒక్క పథకం చేసింది. మన రాష్ట్రంలో దాని ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరిస్తాయి. అందులో ఐసీటీ అనే భాగం ఉంది. 6 నుంచి 12వ తరగతి వరకు ఉన్న ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో కంప్యూటర్ ల్యాబులు, స్మార్ట్ తరగతులు పెట్టడానికి ఇచ్చే డబ్బు అది.

మార్గదర్శకాల్లో ఒక్కో బడికి రాసిన గరిష్ఠ పరిమితులు ఇవి:

• కంప్యూటర్ ల్యాబు పెట్టడానికి, ఒక్కసారి: 6 లక్షల 40 వేల రూపాయలు.
• ఆ ల్యాబు నడపడానికి, ఏటా: 2 లక్షల 40 వేలు. ఇది 5 ఏళ్లు.
• స్మార్ట్ తరగతి పెట్టడానికి, ఒక్కసారి: 2 లక్షల 40 వేలు. నడపడానికి ఏటా 38 వేలు.

ఇప్పుడు ల్యాబు లెక్క ఒక్కటే చూద్దాం. ఏటా 2 లక్షల 40 వేలు, అయిదేళ్లకు 12 లక్షలు. పెట్టడానికి 6 లక్షల 40 వేలు. మొత్తం 18 లక్షల 40 వేలు. ఇందులో సామానుకు పోయేది దాదాపు మూడో వంతు. మిగతా రెండు వంతులు నడపడానికే. నడపడం అంటే ఏమిటి? నేర్పే మనిషికి ఇచ్చే డబ్బు, కరెంటు, ఇంటర్నెట్, పాఠాల సామగ్రి.

మనం ఏం చేస్తాం? కొత్త డబ్బాలు దిగిన రోజు ఫోటో దిగుతాం, కొబ్బరికాయ కొడతాం. ఆ ఫోటోలో కనిపించేది మూడో వంతు మాత్రమే. కనిపించని ఆ రెండు వంతుల గురించి మనలో ఎవరూ అడగరు. తాళం పడేది అక్కడే.

నెలకు లెక్క వేయండి. 2 లక్షల 40 వేలంటే నెలకు 20 వేలు. బడిలో 6 నుంచి 10 వరకు 200 మంది పిల్లలు ఉంటే, ఒక్కో పిల్లకు నెలకు 100 రూపాయలు. మీ పిల్ల పేరు మీద ప్రభుత్వం నెలకు వంద రూపాయల దాకా పెట్టగలిగిన ఏర్పాటు ఇది. మీ జేబులోంచి వంద పోతే వెతుక్కుంటారు కదా, ఈ వంద గురించి కూడా అడగాలి.

3. ఇంతకు ముందు ఏమైంది?

బడుల్లో కంప్యూటర్లు కొత్త ముచ్చట కాదు. 1984లోనే కేంద్రం క్లాస్ అనే పేరుతో ఒక కార్యక్రమం పెట్టింది. 2004 డిసెంబరులో ఐసీటీ ఎట్ స్కూల్స్ పథకం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఒకేసారి 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్య మొదలైంది. ప్రైవేటు ఏజెన్సీలు సామాను తెచ్చి, బోధకులను పెట్టి, అయిదేళ్లు నడిపి, ఆ తర్వాత ప్రభుత్వానికి అప్పజెప్పాలన్నది ఒప్పందం.

2013లో గడువు ముగిసింది. కంప్యూటర్లు బడిలోనే ఉన్నాయి. నేర్పే వాళ్లు వెళ్లిపోయారు. ఆ కంప్యూటర్ టీచర్లు తమ ఉద్యోగాల కోసం రోడ్డెక్కిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఎన్నో బడుల్లో ఆ గదికి తాళం పడింది.

అలాంటి గది ఒకటి నేను చూశాను. బడి పేరు చెప్పను, అది ముఖ్యం కాదు. మానిటర్ల మీద పాత బెడ్‌షీట్లు కప్పి ఉన్నాయి. ఎలుకలు వైర్లు కొరికాయి. గోడకు "కంప్యూటర్ మన భవిష్యత్తు" అని అందంగా రాసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే అరగంట పట్టింది. పక్క గదిలో పదో తరగతి పిల్లలు కూర్చున్నారు. "ఆ గదిలోకి ఎప్పుడైనా వెళ్లారా?" అని అడిగాను. ఒక అమ్మాయి లేచి, "ఊడ్చడానికి వెళ్లాం సార్" అన్నది.

ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ అమ్మాయికి గ్రాంటు వచ్చింది. అందలేదు.

4. మన నుమాయిష్ చెప్పే పాఠం

ఏటేటా వచ్చే డబ్బు విలువ నాంపల్లి వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. 1946లో ఇప్పుడున్న మైదానానికి వచ్చింది. మనం టికెట్ కొంటాం, పిల్లలను జెయింట్ వీల్ ఎక్కిస్తాం, హలీమో మిర్చీ బజ్జీయో తిని ఇంటికొస్తాం. ఆ ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను నడుపుతోంది. ఆ మైదానంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, ఆడపిల్లల కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆ సొసైటీవే.

ఒక్కసారి వచ్చిన డబ్బు గోడ కడుతుంది. ప్రతి ఏడూ వచ్చే డబ్బు చదువు నడుపుతుంది. ఒక్క ఏడాది నుమాయిష్ పెట్టి ఊరుకుంటే ఆ కాలేజీలు ఇన్నేళ్లు నిలిచేవి కావు. మన బడి ల్యాబు కూడా అంతే.

5. తాళం తీసి ఉందో లేదో లెక్క చూసుకోండి

"పిల్లలు ఎక్కువ, కంప్యూటర్లు తక్కువ, టైము లేదు" అని వింటుంటాం. ఒకసారి లెక్క వేద్దాం.

ల్యాబులో 10 కంప్యూటర్లు ఉన్నాయనుకోండి. తరగతిలో 40 మంది. ఒక్కో కంప్యూటర్‌కు ఇద్దరు కూర్చుంటే 20 మంది. అంటే ఒక తరగతికి రెండు బ్యాచ్‌లు. 6 నుంచి 10 వరకు అయిదు తరగతులకు పది బ్యాచ్‌లు. ఒక్కో బ్యాచ్‌కు వారానికి ఒక పీరియడ్ ఇస్తే పది పీరియడ్లు. రోజుకు 8 పీరియడ్లు, వారానికి 6 రోజులు అనుకుంటే 48 పీరియడ్లు. అందులో పది. ఇంకా 38 పీరియడ్లు ల్యాబు ఖాళీగానే ఉంటుంది. అంటే అడ్డం పడుతున్నది టైము కాదు. టైంటేబుల్లో ఆ పీరియడ్ రాయకపోవడం, రాసినా ఇంకో పాఠానికి వాడుకోవడం, ఒక్క మౌసు చెడిపోతే బాగు చేయించకపోవడం, ఇవే అడ్డం.

ఇంట్లో పిల్లలను ఈ నాలుగు ప్రశ్నలు అడగండి:

• ఈ వారం కంప్యూటర్ పీరియడ్ జరిగిందా?
• కీబోర్డు నీ చేతిలో ఉందా, పక్కవాడి చేతిలో ఉందా?
• ఏం చేశావు? నాకు చెప్పు.
• ఎన్ని కంప్యూటర్లు పని చేస్తున్నాయి?

ఆడపిల్లల తల్లులకు రెండో ప్రశ్న మరీ ముఖ్యం. ఇద్దరు కూర్చున్న చోట అబ్బాయి నొక్కుతుంటే అమ్మాయి చూస్తూ ఉండిపోవడం చాలా చోట్ల జరుగుతుంది. చూస్తే రాదు. చేత్తో చేస్తేనే వస్తుంది. చపాతీ కూడా అంతే కదా.

6. అసలు ఏం నేర్పాలి?

టైపింగ్, బొమ్మలు గీయడం మంచివే, కానీ అంతటితో ఆగకూడదు. 2020 జాతీయ విద్యా విధానం 6వ తరగతి దశ నుంచే కోడింగ్ ఉండాలని చెప్పింది.

కోడింగ్ అంటే భయపడకండి. ఆబిడ్స్ చౌరస్తా సిగ్నల్ చూడండి. ఎర్ర లైటు పడితే బండ్లు ఆగాలి. ఇన్ని సెకన్లు అయ్యాక పచ్చ రావాలి. ఒక వైపు పచ్చ ఉంటే అడ్డంగా వచ్చే వైపు ఎర్ర ఉండాలి. ఈ వరుసను తప్పు లేకుండా రాసి యంత్రానికి చెప్పడమే కోడింగ్. ఆరో తరగతి పిల్ల స్క్రాచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెర మీద ఈ సిగ్నల్ తయారు చేయగలదు. ఒక లైను తప్పితే రెండు వైపులా పచ్చ వెలుగుతుంది. ఎక్కడ తప్పిందో వెతికి సరిచేస్తుంది. ఆ వెతకడంలోనే అసలు చదువు ఉంది. అది లెక్కల్లోనూ పనికొస్తుంది, రేపు జగదీశ్ మార్కెట్‌లో ఫోను బాగుచేసే పనిలోనూ పనికొస్తుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనూ పనికొస్తుంది.

కేరళ 2001లో ఐటీ ఎట్ స్కూల్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. లైసెన్సు డబ్బులు కట్టే పని లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను బడులన్నిటికీ తీసుకుంది. 2018 నుంచి లిటిల్ కైట్స్ పేరుతో పిల్లలకే క్లబ్బులు పెట్టింది. ఆ పిల్లలు తమ బడి సామాను తామే చూసుకోవడం కూడా నేర్చుకుంటారు. మనం నేర్చుకోవలసింది ఇదే. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు లేదని ఆగనక్కరలేదు. తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురికి ల్యాబు బాధ్యత ఇస్తే వైరు ఊడిందని గది మూయాల్సిన పని ఉండదు.

7. గ్రాంటు మన బడి దాకా ఎలా వస్తుంది?

ప్రతి ఏడాది బడుల అవసరాలు జిల్లాకు, జిల్లాల నుంచి రాష్ట్రానికి వెళతాయి. రాష్ట్రం వార్షిక ప్రణాళిక తయారు చేసి ఢిల్లీకి పంపుతుంది. అక్కడ ప్రాజెక్టు ఆమోద మండలి ఆమోదిస్తే డబ్బు వస్తుంది. ఇందులో తల్లిదండ్రులు చేయగలిగిన పనులు రెండు.

మొదటిది, యూడైస్. ప్రతి బడికి 11 అంకెల యూడైస్ నంబరు ఉంటుంది. మన రాష్ట్రంలో అది 36తో మొదలవుతుంది. బడిలో ఎన్ని గదులు, ఎన్ని కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఉందా లేదా అన్నది ఏటా అందులో నమోదు చేస్తారు. యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో మీ బడి వివరాలు ఎవరైనా చూడవచ్చు. పైన కూర్చున్న వాళ్లు మన బడిని చూసేది ఆ కాగితంలోనే. పదేళ్ల కింద పాడైన కంప్యూటర్లను పనిచేస్తున్నట్టు రాస్తే, "ఈ బడికి ఉన్నాయి కదా" అని వాళ్లు అనుకుంటారు. కొత్తవి అడిగే దారి మనమే మూసుకున్నట్టు అవుతుంది. అందుకని పాడైనవి పాడైనట్టే రాయమని హెడ్మాస్టరు గారిని కోరండి. అది బడికి అవమానం కాదు, హక్కు.

రెండోది, కమిటీ. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడికి వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతుందో చూడటం ఈ కమిటీ పని అని చట్టమే చెప్పింది. బడి అభివృద్ధి ప్రణాళిక రాయవలసింది కూడా ఈ కమిటీయే. ఆ ప్రణాళికలో "కంప్యూటర్ ల్యాబు కావాలి" అని మాత్రమే రాయకండి. "ల్యాబు, దానికి బోధకుడు, కరెంటు, ఇంటర్నెట్, మరమ్మతు కావాలి" అని పూర్తిగా రాయండి. తీర్మానం చేసి, సంతకాలు పెట్టి, ఒక కాపీ ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి.

2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి. వాటిని నడిపేది మహిళా సంఘాల అక్కలే. నీళ్లు, మరుగుదొడ్లు, చిన్న మరమ్మతులు, కరెంటు పనులు వాళ్లు చూస్తారు. ల్యాబు గదిలో వైరింగ్ సరిగా లేకపోతే వాళ్లతో మాట్లాడండి.

8. ల్యాబు గ్రాంటు ఇంకా రాకపోతే?

చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. ఇంకా దారులు ఉన్నాయి.

• కాంపోజిట్ స్కూల్ గ్రాంటు: పిల్లల సంఖ్యను బట్టి బడికి ఏటా 10 వేల నుంచి లక్ష రూపాయల వరకు ఉంటుంది. 100 దాటి 250 వరకు పిల్లలుంటే 50 వేలు, 250 దాటి 1,000 వరకు ఉంటే 75 వేలు పరిమితి. ఇందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు పెట్టాలి. పాడైన సామాను మార్చడం, కరెంటు, ఇంటర్నెట్ ఖర్చులు ఇందులోంచి పెట్టవచ్చు.
• పీఎంశ్రీ: 2022లో ఆమోదం పొందిన పథకం. దేశమంతా 14,500కు పైగా బడులను ఎంచి బాగు చేయడం లక్ష్యం. మీ బడి ఆ జాబితాలో ఉందేమో అడగండి.
• విద్యాంజలి: 2021 నుంచి కొత్త రూపంలో ఉన్న పోర్టల్. బడి తన అవసరం అందులో పెడితే దాతలు సామాను ఇవ్వవచ్చు, తెలిసినవాళ్లు వచ్చి పాఠం చెప్పవచ్చు.
• కంపెనీల సీఎస్ఆర్: 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. అందులో విద్య ఉంది.

దాత వచ్చినప్పుడు ఒక్క మాట మరవకండి. "కంప్యూటర్లు ఇస్తున్నారు, సంతోషం. వాటిని ఎన్నేళ్లు ఎవరు చూసుకుంటారు?" అని మర్యాదగా అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి.

9. ఎవరిని అడగాలి?

మన చుట్టూ పెద్ద పెద్ద ఆఫీసులు ఉన్నాయి. విద్యాభవన్ నాంపల్లిలోనే ఉంది, అది ఇంటర్ బోర్డుది. చాపెల్ రోడ్డులో ప్రభుత్వ పరీక్షల కార్యాలయం ఉంది, అది పదో తరగతి పరీక్షలు చూస్తుంది. ల్యాబు ఫిర్యాదుతో అక్కడికి పోతే రోజు కూలీ పోవడం తప్ప పని కాదు. వరుస ఇది:

1. ముందు హెడ్మాస్టరు గారు. కోపంతో వెళ్లకండి. టీచర్లు తక్కువై ఆయనే మూడు పనులు చేస్తూ ఉండవచ్చు. స్టాక్ రిజిస్టరు చూపించమని, వారంటీ ఎప్పటిదాకా ఉందో చెప్పమని అడగండి.
2. ఆ తర్వాత కమిటీ సమావేశంలో తీర్మానం.
3. ఆ తీర్మానం కాపీతో జిల్లా విద్యాధికారి కార్యాలయం. మీ కాపీ మీద తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి.
4. జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి.
5. లెక్కలు కావాలంటే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. ఫీజు 10 రూపాయలు. కోర్టు ఫీజు స్టాంపు అంటించవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఆ పత్రం జతచేస్తే ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

దరఖాస్తులో ఇలా రాయండి: "మా బడికి గత 5 ఏళ్లలో కంప్యూటర్ ల్యాబు కోసం మంజూరైన ఒక్కసారి గ్రాంటు ఎంత, ఏటా ఇచ్చే గ్రాంటు ఎంత, ఏ ఏడాది దేనికి ఖర్చయింది?" అంతే. మూడు ముక్కలు చాలు.

10. మోసపోకండి

ఈ పథకంలో మీరు నింపే ఫారం లేదు. మీ ఆధార్, బ్యాంకు ఖాతా, ఓటీపీ అక్కరలేదు. "మీ పిల్లకు ఉచిత లాప్‌టాప్ వచ్చింది, ఈ లింకు నొక్కండి" అని వచ్చే మెసేజ్ నొక్కకండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి. ప్రభుత్వ బడిలో 8వ తరగతి వరకు చదువుకు ఫీజు లేదని చట్టం. కంప్యూటర్ ఫీజు అని ఎవరైనా అడిగితే రశీదు అడగండి, కమిటీకి చెప్పండి.

చివరగా

నేను చెప్పినవన్నీ గుర్తుండకపోయినా ఫరవాలేదు. ఒక్కటి గుర్తు పెట్టుకోండి. పండగ రోజు కాకుండా మామూలు మంగళవారమో బుధవారమో, మధ్యాహ్నం పూట, బడికి ఒకసారి రండి. ఆ గది తలుపు ముందు నిలబడండి. తెరిచి ఉంటే లోపలికి వెళ్లి, మీ పాప ఏం చేస్తోందో చూపించమనండి. తాళం ఉంటే, చెవి ఎక్కడుందో అడగండి. ఒక్క అమ్మ అడిగితే, "రేపు చూద్దాం" అంటారు. పదిమంది అమ్మలు వారం వారం అడిగితే, ఆ తాళానికి తుప్పు పట్టే అవకాశం ఉండదు.

ఇందాక గేటు దగ్గర అడిగిన అక్కకు నా జవాబు ఇదే. అక్కా, పైసలు మీ ఖాతాలో పడవు. మీ బిడ్డ చేతిలో పడాలి. పడ్డాయో లేదో చూసుకోవలసింది మాత్రం మీరే.